పది నిమిషాల షార్ట్ ఫిల్మ్‌ని రెండు రోజుల్లో తీయడం ఎలా

షార్ట్ ఫిల్మ్ తీయాలన్న పట్టుదల ఉన్నవాళ్లు ముందుగా అడిగేది కెమెరా గురించే. ఏ మోడల్, ఏ లెన్స్, గింబల్ (కెమెరా కుదుపుల్ని ఆపే పట్టు) కావాలా వద్దా అని. జనం సగంలోనే ఆపేసే షార్ట్ ఫిల్మ్‌లు వరసగా ఓ పది చూడండి. చాలావాటిలో బొమ్మ బాగానే ఉంటుంది. మాట సరిగా వినపడదు, లేదంటే మూడో నిమిషం దాటినా కథ కదలదు. ఉన్న డబ్బూ ఓపికా ఈ రెండింటి మీద పెడితే మామూలు ఫోన్‌తో తీసినా చివరిదాకా చూస్తారు. ఇక్కడ చెప్పేదంతా ఒక ఇల్లు, ఇద్దరు ముగ్గురు ఆర్టిస్టులు, ఐదారుగురి టీమ్, రెండు రోజుల షూటింగ్ అనే లెక్కతోనే.

దొరికినదాన్ని బట్టి రాయడం

కథ రాయకముందే ఒక కాగితం మీద మీకు ఊరికే దొరికేవి రాసుకోండి. మేనమామ గారి పెంకుటిల్లు, రాత్రి తొమ్మిది తర్వాత ఖాళీగా ఉండే స్నేహితుడి కిరాణా కొట్టు, పాత స్కూటర్, నాటకాల్లో వేసే బాబాయ్. కథ వీటిలోంచే రావాలి. ఆసుపత్రి వార్డు, పోలీస్ స్టేషన్, నడిచే బస్సు లోపల, రాత్రి నడిరోడ్డు: ఈ నాలుగింటిలో ఏది ఉన్నా రెండు రోజుల్లో పూర్తవ్వడం కష్టం, అయినా నమ్మేలా ఉండదు.

పది నిమిషాలకు ఒక మనిషి, అతను చేయాల్సిన ఒక పని, దానికో అడ్డం చాలు. ఉదాహరణకి, తండ్రి ఇల్లు అమ్మేశాడు, సాయంత్రం లోపు ఆ సంగతి కూతురికి చెప్పాలి. అతని బాల్యం, ఆ ఇంటి చరిత్ర ఏమీ అక్కర్లేదు. అలారం మోగడం, పళ్లు తోముకోవడం, కాఫీ కలపడం వంటి ఆరంభాలు తీసిపారేయండి. మొదటి ముప్పై సెకన్లలోనే ఏదో దాస్తున్నాడని ప్రేక్షకుడికి తెలియాలి. నిర్మాణ సంస్థల లోగోలు, కృతజ్ఞతల జాబితా చివర్లో వేసుకోండి. మొదట్లో నలభై సెకన్లు అవే నడిస్తే సగం మంది అక్కడే వెళ్లిపోతారు.

స్క్రిప్టులో పేజీకి ఒక నిమిషం అనే లెక్క ఇంగ్లీషు స్క్రీన్‌ప్లే ఫార్మాట్‌ది. తెలుగులో ఫాంటు, వరస మారితే ఆ లెక్క తప్పుతుంది. కాబట్టి స్టాప్‌వాచ్ పెట్టుకుని బయటికి చదవండి. మాటల మధ్య నడక, తలుపు తీయడం, మౌనం కూడా నటించి చూడాలి. అలా చదివితే 8 నిమిషాలు వచ్చింది ఎడిటింగ్ టేబుల్ మీద సుమారు 10 అవుతుంది. చదివినప్పుడే 12 వస్తే షూటింగ్‌కి ముందే కోసేయండి, తీశాక కోయడానికి మనసొప్పదు.

యాస విషయం ఆర్టిస్టు దొరికాక తేల్చుకోండి. కరీంనగర్ అమ్మాయి చేత గోదావరి యాస పలికిస్తే రెండు ప్రాంతాలవాళ్లూ నవ్వుతారు. డైలాగుల్ని ఆమె నోటికి తగ్గట్టు మార్చడం అరగంట పని.

షాట్ డివిజన్, తీసే వరస

ఒక సీన్ తీసుకుందాం. కూతురు వంటింట్లో డబ్బాలు సర్దుతోంది. తండ్రి గుమ్మం దగ్గర నిలబడి, చెప్పాల్సింది చెప్పలేక మంచినీళ్లడుగుతాడు. నిమిషంన్నర సీన్. దీనికి ఏడు షాట్లు చాలు:

1. మాస్టర్: ఇద్దరూ కనపడేలా వైడ్, సీన్ మొత్తం
2. కూతురి భుజం మీద నుంచి తండ్రి సజెషన్ (ముందు ఆమె భుజం, ఎదురుగా అతని మొహం)
3. తండ్రి క్లోజ్
4. తండ్రి భుజం మీద నుంచి కూతురి సజెషన్
5. కూతురి క్లోజ్
6. ఇన్సర్ట్ (చిన్న వివరాన్ని దగ్గరగా చూపే షాట్): డబ్బా మూత మీద ఆగిపోయిన ఆమె చెయ్యి
7. ఇన్సర్ట్: గ్లాసు చేతులు మారడం

మాస్టర్ అయ్యాక 2, 3 కలిపి తీయాలి, తర్వాత కెమెరా, లైట్లు అటు తిప్పి 4, 5, 6 తీయాలి, చివర్లో 7. మాటల వరస ప్రకారం తండ్రి, కూతురు, తండ్రి, కూతురు అని తీస్తే మూడుసార్లు అటూ ఇటూ మారాలి. ఒక్కో మార్పుకి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పోతుంది. ఒక్క సీన్‌లోనే గంట ఎగిరిపోయేది ఇలాగే. మాస్టర్ ముందు తీయడానికి ఇంకో కారణం ఉంది. కిటికీ వెలుగు గంటకోలా మారుతుంది. వైడ్‌లో దాన్ని దాచలేం, క్లోజ్‌లో అయితే థర్మాకోల్ షీటుతో సర్దుకోవచ్చు.

ఇద్దరి మధ్య ఒక గీత ఉందనుకుని కెమెరాని దానికి ఒకే పక్కన ఉంచండి. తండ్రి ఫ్రేములో కుడివైపు చూస్తుంటే కూతురు ఎడమవైపు చూడాలి. గీత దాటితే ఇద్దరూ ఒకే దిక్కు చూస్తూ, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. లుక్ తప్పిందని ఎడిటింగ్‌లో తెలిస్తే చేసేదేం లేదు.

ప్రతి షాట్‌నీ కావలసిన డైలాగుకి రెండు లైన్ల ముందు నుంచి లీడ్ ఇచ్చి మొదలుపెట్టండి. డైలాగు అయ్యాక మనసులో ఐదు లెక్కపెట్టుకుని కట్ చెప్పండి. ఎడిటర్‌కి పనికొచ్చే చూపులు చాలావరకు ఆ ఐదు సెకన్లలోనే దొరుకుతాయి. కంటిన్యుటీకి ఒకళ్లని పెట్టండి. గ్లాసు ఏ మాట దగ్గర ఏ చేతిలో ఉంది, కొంగు ఏ భుజం మీద ఉంది, గడియారం ఎంత చూపిస్తోంది అన్నవి ప్రతి షాట్ చివర ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. గోడ గడియారం ఫ్రేములో ఉంటే బ్యాటరీ పీకేయడం మేలు.

చిన్న టీమ్ ఒక రోజులో హడావిడి లేకుండా తీయగలిగేది 25 నుంచి 30 షాట్లు. అంటే మొత్తం సినిమా 55 షాట్లకు మించకూడదు. ఆరింటికి లొకేషన్‌కి చేరితే ఎనిమిదికల్లా మొదటి షాట్ పడాలి. అది పదింటికి పడిందంటే సాయంత్రం వెలుగు మీద ఆశ వదులుకోవాల్సిందే. కథకి ప్రాణమైన బరువు సీన్‌ని మొదటి రోజు మధ్యాహ్నం పెట్టండి. అప్పటికి ఆర్టిస్టులు ఒకరికొకరు అలవాటు పడి ఉంటారు. సరిగా రాకపోతే మర్నాడు ఇంకో అవకాశం ఉంటుంది. భోజనం విషయంలో ఒక మాట: మధ్యాహ్నం బిర్యానీ పెడితే మూడింటిదాకా ఎవరూ కదలరు. అది ప్యాకప్ తర్వాత పెట్టండి. భోజనం వేళ మాత్రం తప్పకూడదు. డబ్బులు తీసుకోకుండా వచ్చినవాళ్లకి మీరిచ్చే పారితోషికం అదే.

కెమెరా సెట్టింగులు

మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైట్లు, చవక ఎల్ఈడీలు సెకనుకి వందసార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. సెకనుకి 25 ఫ్రేములు, షటర్ 1/50 పెడితే ఆ మిణుకు పోతుంది. ఫోన్లు మామూలుగా 30 ఫ్రేముల్లో ఉంటాయి, షటర్ వాటంతట అవే మార్చుకుంటాయి. గోడ మీద నల్లటి పట్టీలు పాకడానికి కారణం ఇదే. అమెరికాలో ఉండి తీసేవాళ్లకి అక్కడి కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి 30 ఫ్రేములు, 1/60 సరిపోతుంది.

ఈ సెట్టింగులన్నీ ఫోన్‌లో ఉండే కెమెరా యాప్‌లో కుదరకపోవచ్చు. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితం, ఐఫోన్‌కీ కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకీ ఉంది. ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మూడూ లాక్ చేయండి. ఆటోలో వదిలేస్తే ఆర్టిస్టు తల తిప్పినప్పుడల్లా గోడ రంగు మారుతుంది, డీఐలో (ఎడిటింగ్ అయ్యాక రంగులు దిద్దే పనిలో) దాన్ని సరిచేయడం నరకం.

ఫోన్ మెయిన్ లెన్స్ వైడ్. దాన్ని మొహం దగ్గరికి తీసుకెళ్తే ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టు కనిపిస్తాయి. క్లోజ్‌లకు రెండు రెట్ల లెన్స్ పెట్టుకుని నాలుగైదు అడుగులు వెనక్కి రండి. ఆరుబయట ఎండలో 1/50 పెడితే బొమ్మ తెల్లగా కాలిపోతుంది, ఎందుకంటే చాలా ఫోన్లలో అపర్చర్ మారదు. ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగు తగ్గించే నల్ల అద్దం) తగిలించాలి, లేదా ఆ సీన్ నీడలోకి మార్చాలి. ఉదయం 11 నుంచి 2 దాకా ఆరుబయట మొహాలు తీయకండి. నెత్తిన ఎండ ఉంటే కళ్లు గుంటల్లా కనిపిస్తాయి.

ప్రతి సెటప్ ముందూ ఫోన్ లెన్స్‌ని మెత్తటి గుడ్డతో తుడవండి. వేలి జిడ్డు వల్ల వచ్చే పొగమంచుని చాలామంది కెమెరా లోపం అనుకుంటారు.

మెమరీ లెక్క ముందే వేసుకోండి. సెకనుకి 100 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే నిమిషానికి 750 ఎంబీ, గంటకి 45 జీబీ. పది నిమిషాల సినిమాకి గంటన్నర ఫుటేజీ వస్తుందనుకుంటే 70 జీబీ దాకా కావాలి. ఏ రోజు ఫుటేజీ ఆ రోజు రాత్రే రెండు వేరువేరు డిస్కుల్లోకి కాపీ చేసి, నాలుగైదు క్లిప్పులు తెరిచి చూశాకే ఫోన్‌లోంచి తీసేయండి. ఆ రెండు డిస్కులూ ఒకే సంచిలో పెట్టకండి.

వెలుగు

పగటి సీన్లకి ఒక పెద్ద కిటికీ, తెల్లటి థర్మాకోల్ షీటు ఒకటి, నల్ల దుప్పటి ఒకటి ఉంటే చాలు. ఆర్టిస్టుని కిటికీకి వీపు పెట్టి కాకుండా ఏటవాలుగా కూర్చోబెట్టండి. రెండో చెంప మరీ చీకటిగా ఉంటే థర్మాకోల్ పట్టండి, సీన్ బరువుగా ఉండాలంటే అదే వైపు నల్ల దుప్పటి పట్టండి. ఇళ్లలో తెల్ల ఎల్ఈడీలు చాలావరకు 6500 కెల్విన్, పసుపు బల్బులు 3000 దగ్గర ఉంటాయి. రెండూ కలిపి వెలిగిస్తే మొహం ఒక పక్క నీలం, ఒక పక్క పసుపు. కిటికీ వెలుగులో తీస్తున్నప్పుడు ట్యూబులైటు ఆపేయండి. రాత్రి సీన్ అంటే చీకటి అనుకోవద్దు: ఫ్రేములో ఒక పసుపు దీపం వెలుగుతూ ఉండాలి, ఇంకో లైటుని గోడకేసి కొట్టి ఆ వెలుగుని మొహం మీద పడనివ్వాలి. లేకపోతే ఫోన్ బొమ్మంతా గింజలు గింజలుగా వస్తుంది.

శబ్దం

ఎక్కువ జాగ్రత్త కావలసింది ఇక్కడే. మైకు దూరం రెట్టింపైతే మాట 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గది మోత మాత్రం అలాగే ఉంటుంది. ఆరడుగుల దూరాన ఉన్న కెమెరా మైకులో గొంతు బావిలోంచి వచ్చినట్టుండేది అందుకే. మంచి లెన్స్ అద్దెకి తెచ్చే డబ్బుతో రెండు కాలర్ మైకులు వస్తాయి. ఆ మార్పిడి చేసుకోండి.

లొకేషన్ చూడ్డానికి వెళ్లినప్పుడు, షూటింగ్ చేయబోయే వేళకే వెళ్లి ఐదు నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చోండి. గుడి మైకు, బడి గంట, బోరు మోటారు, పక్క ప్లాట్‌లో టైల్స్ కోసే మిషన్ అన్నీ తెలుస్తాయి. గ్రానైటు నేల, ఖాళీ గోడలు ఉన్న హాల్లో మాట మార్మోగుతుంది. ఫ్రేములోకి రాని చోటల్లా బొంతలు, జంపఖానాలు పరవండి, కెమెరా వెనక తాడు కట్టి దుప్పట్లు వేలాడదీయండి. ఫ్యాను, ఏసీ, ఫ్రిజ్ ఆపాలి. ఫ్రిజ్ ఆపినప్పుడు మీ బండి తాళం అందులోనే పెట్టండి, వెళ్లేముందు మళ్లీ ఆన్ చేయడం మర్చిపోరు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తుంటే దాని గుయ్‌మనే మోత కూడా వినండి.

కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద, ఛాతీ మధ్యలో పెట్టాలి. నూలు బట్ట అయితే మంచిది. పట్టుచీర, ఆర్గంజా, పాలిస్టర్ చొక్కా కదిలినప్పుడల్లా బరబరమంటాయి. మందుల షాపులో దొరికే మైక్రోపోర్ టేపుతో మైకుని చర్మానికో బట్టకో కదలకుండా అంటించండి. నల్లపూసలు, గొలుసు మైకుకి తగిలి టిక్కుటిక్కుమనడం చాలా మామూలు, అయినా హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న మనిషి లేకపోతే ఎవరికీ తెలియదు. గాజులు తీయించడం కుదరకపోతే రెండు గాజుల మధ్య సన్నగా టేపు చుట్టండి. శబ్దం కావాలంటే విడిగా రికార్డు చేసుకోవచ్చు.

వైర్‌లెస్ లేకపోతే చవక వైరు మైకు కొని, ఇంకో ఫోన్‌కి పెట్టి ఆర్టిస్టు జేబులో వేయండి. ఆ ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉండాలి. కాల్ వస్తే రికార్డింగు ఆగిపోతుంది, రాకపోయినా సిగ్నల్ గరగర పడొచ్చు. వేవ్ ఫైలు, 48 కిలోహెర్ట్జ్. స్క్రీన్ లాక్ అయినా రికార్డింగు నడుస్తోందో లేదో ముందురోజే చూసుకోండి. గట్టిగా మాట్లాడినప్పుడు మీటర్ మైనస్ 12 దగ్గర ఆగాలి. రిహార్సల్‌లో ఆర్టిస్టులు నెమ్మదిగా మాట్లాడి టేకులో అరుస్తారు, కాబట్టి లెవెల్ చూసేటప్పుడే పూర్తి గొంతుతో చెప్పించండి. పగిలిన ధ్వనిని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు.

ప్రతి టేక్ ముందు సీన్, షాట్, టేక్ నంబర్లు బయటికి చెప్పి క్లాప్ కొట్టండి. బోర్డు లేకపోతే ఫ్రేములో చప్పట్లు చాలు. కెమెరా మైకు ఆపొద్దు, పైలట్ ట్రాక్‌గా, అంటే అసలు ధ్వనిని బొమ్మతో కలపడానికి ఆనవాలుగా పనికొస్తుంది. ఒక చోట పని అయ్యాక అందర్నీ కదలకుండా నిలబెట్టి నలభై ఐదు సెకన్లు ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. డైలాగుల మధ్య దగ్గు, హారన్ కోసేసినప్పుడు ఆ ఖాళీలో ఇది పరవాలి. లేకపోతే స్పీకర్ ఆగిపోయినట్టు ఉంటుంది. మంచి టేకు మీద ఆటో హారన్ పడిందనుకోండి, ఆర్టిస్టు మూడ్‌లో ఉండగానే అక్కడే కెమెరా లేకుండా ఆ లైన్లు రెండుసార్లు చెప్పించండి. వేగం దాదాపు ఒకటే ఉంటుంది కాబట్టి పెదాలకి సరిపోతుంది.

"డబ్బింగ్‌లో చూసుకుందాంలే" అన్న మాట మన దగ్గర ఎక్కువ. మొత్తం డబ్బింగ్ చెబితే గొంతులు మాత్రమే వస్తాయి. అడుగులు, గిన్నెలు, తలుపు గడియ, బట్టల రాపిడి అన్నీ మళ్లీ ఒక్కొక్కటిగా చేసుకోవాలి. ఆ పని వదిలేసిన సినిమాలు రేడియో నాటకంలా వినిపిస్తాయి. సింక్ సౌండ్‌తో (షూటింగ్‌లోనే రికార్డు చేసిన మాటలతో) తీసి, పోయిన నాలుగు లైన్లకే డబ్బింగ్ ఉంచుకోండి.

ఎడిటింగ్ నుంచి టైటిల్స్ దాకా

డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేరు ఉచిత వెర్షన్ ఈ పనికి చాలు. మీ ఫోన్ క్లిప్పు ఒకటి షూటింగ్‌కి ముందే అందులో వేసి చూడండి, కొన్ని 10 బిట్ ఫైళ్లు ఉచిత వెర్షన్‌లో తెరుచుకోవు. మామూలు ఫోన్ యాప్‌తో తీసినవాటిలో ఫ్రేముల వేగం నిలకడగా ఉండదు, అందుకే పెద్ద క్లిప్పుల్లో మాట, పెదవి పోనుపోను విడిపోతాయి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో కాన్‌స్టెంట్ ఫ్రేమ్ రేట్‌కి మార్చి అప్పుడు సింక్ చేయండి.

మొదటి కట్ మ్యూజిక్ లేకుండానే కట్టండి. ఆర్ఆర్ (నేపథ్య సంగీతం) వేసి చూస్తే నీరసంగా ఉన్న సీన్ కూడా బాగున్నట్టే అనిపిస్తుంది. ఆ కట్‌ని కథ తెలియని ఇద్దరికి చూపించి, వాళ్లు ఫోన్ చూసుకున్న చోటు రాసుకోండి. వాళ్ల అభిప్రాయం అడిగితే మొహమాటానికి బాగుందంటారు, ఆ గుర్తులే నమ్మదగ్గవి.

సినిమా పాట టీవీలో వెనక వినిపించినా యూట్యూబ్‌లో హక్కులున్న పాటల్ని గుర్తుపట్టే కంటెంట్ ఐడీ పట్టుకుంటుంది. త్యాగరాజ కీర్తన వాడితే పర్వాలేదా అని అడుగుతారు. కీర్తన ఎవరి సొత్తూ కాదు, దాన్ని పాడిన రికార్డింగుకి మాత్రం హక్కుదారు ఉంటారు. మన దేశంలో సౌండ్ రికార్డింగు హక్కు విడుదలైన తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. తెలిసిన గాయని చేత పాడించుకుని, ఒక కాగితం మీద అనుమతి రాయించుకోండి. ఆర్టిస్టులు, ఇంటి యజమాని దగ్గర కూడా అలాంటి కాగితమే తీసుకోవాలి. కథలో తుపాకీ బొమ్మో పోలీసు యూనిఫామో ఉంటే స్థానిక పోలీస్ స్టేషన్‌లో ముందే రాతపూర్వకంగా చెప్పండి. రైల్వే స్టేషన్, మెట్రో అయితే అనుమతి లేకుండా కెమెరా తీయకండి.

మిక్సింగ్‌లో మొత్తం ధ్వని మైనస్ 14 లఫ్స్ (వినపడే గట్టిదనాన్ని కొలిచే ప్రమాణం) దగ్గర ఉండేలా చూసుకోండి. అంతకంటే గట్టిగా ఉంటే యూట్యూబ్ తగ్గిస్తుంది, నెమ్మదిగా ఉంటే పెంచదు. చివరి మిక్స్‌ని హెడ్‌ఫోన్స్‌లోనే కాక ఫోన్ స్పీకర్‌లో, ఫ్యాను తిరుగుతున్న గదిలో వినండి. చూసేవాళ్లు వినేది అలాగే.

టైటిల్స్‌లో ఒత్తులు విడిపోయి పక్కన పడటం కొత్త కాదు. ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేరులో అయితే గ్రాఫిక్స్ ప్రిఫరెన్సుల్లో సౌత్ ఏషియన్ టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకుంటే సరిగా వస్తాయి. వేరే సాఫ్ట్‌వేరు మొండికేస్తే టైటిల్‌ని బయట తయారుచేసి పారదర్శక పీఎన్‌జీగా తెచ్చుకోండి. యూనికోడ్ ఫాంట్లే వాడండి. రామభద్ర, సురన్న, మండలి, ధూర్జటి వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఒకసారికి రెండు లైన్లు, లైనుకి 42 అక్షరాలు మించకూడదు.

ఎక్కడికి పంపాలి

ఆస్కార్ నిబంధనల్లో షార్ట్ అంటే టైటిల్స్‌తో కలిపి 40 నిమిషాల లోపు. కానీ ఫెస్టివల్స్‌లో ఒక్కో ప్రదర్శనలో చాలా సినిమాలు ఇరికించాలి, కాబట్టి పది నిమిషాలవాటికి చోటు తేలిగ్గా దొరుకుతుంది. దగ్గర్లో తిరువనంతపురంలో జరిగే ఐడీఎస్ఎఫ్ఎఫ్‌కే (కేరళ డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్), బెంగళూరు అంతర్జాతీయ షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్, ముంబయిలో ఎంఐఎఫ్ఎఫ్ (ముంబయి అంతర్జాతీయ ఫిల్మ్ ఫెస్టివల్) ఉన్నాయి. థియేటర్లో టికెట్టు పెట్టి వేయాలంటే 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సెన్సార్ సర్టిఫికెట్ కావాలి, యూట్యూబ్‌కి అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో అప్పటికే ఉన్న సినిమాని కొన్ని ఫెస్టివల్స్ తీసుకోవు. ఎంట్రీలన్నీ పంపి ఫలితాలు వచ్చేదాకా లింకుకి పాస్‌వర్డ్ పెట్టి ఉంచండి, యూట్యూబ్ తర్వాత.